ఇంట్లో తొలిసారి కంప్యూటర్ బిగించుకునేవారికి: స్థిరవిద్యుత్తు నుంచి భాగాలను కాపాడుకునే విధానం

ఫిబ్రవరి వచ్చిందంటే బెంగళూరు గాలిలో తేమ తగ్గడం మొదలవుతుంది. మార్చి మధ్యాహ్నాల్లో పెదవులు పగులుతాయి, రగ్గు దులిపితే చిటపటమంటుంది, ఆఫీసులో తలుపు పిడి పట్టుకోగానే వేలికొన చురుక్కుమంటుంది. మారతహళ్లిలోనో బెళ్లందూరులోనో అద్దెకుంటూ, ఎస్పీ రోడ్డులో నాలుగు దుకాణాలు తిరిగి, బేరమాడి విడిభాగాలు తెచ్చుకుని, మొట్టమొదటిసారి సొంతంగా కంప్యూటర్ బిగించుకుందామని కూర్చున్నవారికి ఆ చురుకు గుర్తుకొస్తే చెయ్యి ఆగిపోవడం సహజం. ఏమీ కాదు, ఉత్త చేతులతోనే బిగించేయవచ్చని ఒకరు చెబుతారు. రబ్బరు చాప, చేతిపట్టీ, ప్రత్యేకమైన చెప్పులు లేనిదే డబ్బా కూడా తెరవకూడదని ఇంకొకరు భయపెడతారు. నెలల తరబడి జీతంలోంచి దాచుకున్న డబ్బుతో కొన్న వస్తువుల విషయంలో ఇలాంటి అయోమయం ఉండకూడదు. అసలు దెబ్బ ఎలా తగులుతుందో తెలిస్తే ఏ జాగ్రత్త ముఖ్యమో, ఏది అక్కర్లేదో ఎవరికి వారే తేల్చుకోగలరు. అందువల్ల ముందు ఆ సంగతి కొంచెం వివరంగా చెప్పి, తర్వాత పనిలోకి వస్తాను.

వేలికి తెలియని దెబ్బ

రెండు వస్తువులు ఒకదానికొకటి తాకి విడిపోయినప్పుడు ఒకదాని మీది ఎలక్ట్రాన్లు కొన్ని రెండోదాని మీదికి చేరతాయి. రాపిడి జరిగితే తాకే చోట్లు పెరుగుతాయి కాబట్టి ఈ బదిలీ ఇంకా ఎక్కువవుతుంది. చెప్పులతో వేసే ప్రతి అడుగులోనూ, కుర్చీలోంచి లేచిన ప్రతిసారీ, పాలిస్టరు చొక్కా ఒంటికి రాసుకున్నప్పుడల్లా ఇదే జరుగుతుంది. గాలిలో తేమ బాగా ఉంటే వస్తువుల ఉపరితలం మీద కంటికి కనిపించని తడిపొర ఏర్పడి, ఆ విద్యుదావేశం (చార్జ్) దాని గుండా నెమ్మదిగా జారిపోతుంది. గాలి పొడిగా ఉంటే ఎక్కడిదక్కడే నిలిచిపోతుంది. ఈ తేడా ఎంతటిదో చెప్పడానికి ఈ రంగంలో తరచుగా ఉదహరించే అంకెలు కొన్ని ఉన్నాయి. తివాచీ మీద నడిచే మనిషి ఒంటి మీద, తేమ 10 నుంచి 20 శాతం ఉన్నప్పుడు 35,000 వోల్టుల దాకా, తేమ 65 శాతం దాటినప్పుడు 1,500 వోల్టుల దాకా పేరుకోవచ్చు. వినైల్ పరిచిన నేల మీద అవే అంకెలు 12,000, 250. బల్ల మీద పడి ఉన్న మామూలు పాలిథిన్ సంచిని చేతిలోకి తీసుకోవడం ఒక్కటే పొడిగాలిలో 20,000 వోల్టుల దాకా పుట్టించగలదు.

ఇన్ని వోల్టులున్నా మనకు చిన్న చురుకు తప్ప ఏమీ కాకపోవడానికి కారణం, ఒంటి మీద చేరిన ఆవేశం మొత్తంగా చాలా స్వల్పం కావడమే. ఇంజనీర్లు పరీక్షల కోసం మనిషి శరీరాన్ని 100 పికోఫారడ్ల కెపాసిటర్‌గా, దానికి వరుసలో 1,500 ఓముల నిరోధంగా లెక్కగడతారు. ఆ లెక్కన 3,000 వోల్టులు చేరిన వేలు ఒక లోహాన్ని తాకితే, సెకనులో కోటో వంతుకు కాస్త పైబడిన వ్యవధిలో, గరిష్ఠంగా 2 ఆంపియర్ల కరెంటు దూకుతుంది. మన నరాలకు అది చీమ కుట్టినంత. చిప్‌లోని ట్రాన్సిస్టరుకు అలా కాదు. దాని గేటు కింద ఉండే ఆక్సైడు పొర మందం కొన్ని నానోమీటర్లే కాబట్టి, అక్కడ ఆ విద్యుత్తు రంధ్రం పొడవగలదు, సన్నని లోహపు దారిని కరిగించగలదు.

ఇక్కడ గమనించవలసిన అసలు సంగతి ఒకటుంది. మనిషికి చురుకు తెలియాలంటే సుమారుగా 3,000 వోల్టులు ఉండాలి. స్థిరవిద్యుత్తు దెబ్బల నివారణకు కర్మాగారాల్లో పాటించే ఆన్సీ ఈఎస్‌డీ ఎస్20.20 అనే ప్రమాణం మాత్రం 100 వోల్టులకే దెబ్బతినే భాగాలను దృష్టిలో పెట్టుకుని తయారైంది. అంటే వంద నుంచి మూడు వేల వోల్టుల మధ్య జరిగే ఏ దెబ్బా మన వేలికి తెలియదు. "నాకెప్పుడూ షాక్ కొట్టలేదు కాబట్టి స్థిరవిద్యుత్తు లేదు" అనే మాట అందుకే చెల్లదు. పైగా దెబ్బతిన్న చిప్ అప్పటికప్పుడే చచ్చిపోవాలనీ లేదు. బలహీనపడి కొన్నాళ్లు పనిచేసి, ఆ తర్వాత కారణం తెలియని హ్యాంగ్‌లతోనో, ర్యామ్ లోపాలతోనో ప్రాణం తీయవచ్చు.

అలాగని ప్రతి స్పర్శా ప్రాణాంతకం అనుకోవద్దు. నేటి చిప్‌ల కాళ్ల దగ్గర రక్షణ కోసం డయోడ్లు అమర్చి ఉంటాయి. విడిగా ఉన్న చిప్ కన్నా బోర్డు మీద అతికించిన చిప్‌కు రక్షణ సాధారణంగా ఎక్కువ. అందుకే ఏ జాగ్రత్తా తీసుకోకుండా బిగించినవాళ్లలో చాలామంది కంప్యూటర్లు బాగానే పనిచేస్తున్నాయి. వానాకాలపు సాయంత్రం, సిమెంటు నేల మీద ఉత్త కాళ్లతో కూర్చుని బిగించేవారికి ప్రమాదం చాలా తక్కువ. మార్చి నెలలో, ఏసీ గదిలో, చక్రాల కుర్చీలో, ఫ్లీసు జాకెట్ వేసుకుని కూర్చున్నవారి పరిస్థితి వేరు. ఖర్చు అంతగా లేని కొన్ని అలవాట్లతో ఈ రెండో పరిస్థితిని మొదటిదానిలా మార్చుకోవచ్చు.

ఆ అలవాట్లన్నింటికీ మూలసూత్రం ఒక్కటే. విద్యుత్తు దూకేది రెండు వస్తువుల మధ్య వోల్టేజి తేడా ఉన్నప్పుడు మాత్రమే. గొట్టంతో కలిపిన రెండు నీళ్లతొట్లలో మట్టం సమానమయ్యాక ప్రవాహం ఆగిపోయినట్టు, మీ చెయ్యి, కేబినెట్ (భాగాలన్నీ బిగించే లోహపు పెట్టె), చేతిలోని భాగం ఈ మూడూ ఒకే మట్టంలో ఉంటే ఏదీ ఎక్కడికీ దూకదు. భూమికి కలపడం అంటే ఎర్తింగ్ ఆ మట్టాన్ని స్థిరపరిచే ఒక పద్ధతి. మంచిదే, కానీ అది లేకుండా కూడా సమానత్వం సాధ్యం. చాలామంది ఎర్తింగ్ కోసం ప్రమాదకరమైన పనులు చేస్తుంటారు కాబట్టి ఈ మాట నొక్కి చెబుతున్నాను.

చేతిపట్టీ

రిస్ట్ స్ట్రాప్ అని అడిగితే ఎలక్ట్రానిక్ సామాన్ల దుకాణాల్లో దొరుకుతుంది. మణికట్టుకు చుట్టుకునే పట్టీ, దాని లోపలివైపు చర్మానికి తగిలే లోహపు బిళ్ల, మెలికలు తిరిగిన తీగ, చివర మొసలి నోరు లాంటి క్లిప్పు, ఇంతే దాని నిర్మాణం. ఆ తీగలో కనిపించకుండా 10 లక్షల ఓముల, అంటే ఒక మెగోమ్ రెసిస్టరు ఉంటుంది, ఉండి తీరాలి. ఒంటి మీది ఆవేశం దాని గుండా సెకనులో పదివేలో వంతు వ్యవధిలోనే కారిపోతుంది. పొరపాటున క్లిప్పు 230 వోల్టుల కరెంటుకు తగిలినా, ఆ రెసిస్టరు వల్ల ఒంట్లోకి వచ్చేది 0.23 మిల్లీఆంపియర్లే. రెసిస్టరు లేని తీగతో చేతిని ఎర్తుకు కట్టుకుంటే ఈ రక్షణ పోతుంది. కాబట్టి ఇంట్లో ఉన్న రాగితీగ ముక్కతో సొంతంగా పట్టీ తయారుచేసుకోవద్దు.

కొన్న పట్టీని నమ్మే ముందు మల్టీమీటరుతో ఒక్కసారి కొలవండి. ఒక పిన్నును లోహపు బిళ్లకు, రెండోదాన్ని క్లిప్పుకు ఆనిస్తే ఒక మెగోమ్ దరిదాపుల్లో చూపించాలి. ఏమీ చూపించకపోతే లోపల తీగ తెగిందన్నమాట. ఆ పట్టీ చేతికి ఉన్నా లేనట్టే. సున్నాకు దగ్గరగా చూపిస్తే రెసిస్టరు లేదని అర్థం, దాన్ని వాడనేకూడదు. తీగ ఏదీ లేకుండా గాలిలోకే ఆవేశాన్ని వదిలేస్తామని చెప్పి అమ్మే "వైర్‌లెస్" పట్టీలు కూడా కనిపిస్తాయి. ఆవేశం వెళ్లడానికి దారి లేనప్పుడు అది ఎక్కడికీ వెళ్లదు, వాటి మీద డబ్బు పెట్టవద్దు.

పట్టీని చొక్కా చెయ్యి మీదుగా కాకుండా చర్మానికే, బిళ్ల గట్టిగా ఆనేలా బిగించాలి. క్లిప్పును పెయింటు లేని లోహానికి తగిలించాలి. ఇక్కడే చాలామంది బోల్తాపడతారు. కేబినెట్ బయటి రేకు మీద ఉండే పౌడర్ పూత విద్యుత్తును రానివ్వదు. నల్లగా నున్నగా ఉన్న అంచుకు క్లిప్పు పెట్టి నిశ్చింతగా కూర్చుంటే ఆ నిశ్చింతకు ఆధారం లేదు. కేబినెట్ లోపల మదర్‌బోర్డును ఎత్తుగా నిలిపి బిగించే ఇత్తడి దిమ్మ (స్టాండాఫ్), వెనక ఉండే మెరిసే స్క్రూ, పూత లేని రేకు అంచు, వీటిలో ఏదో ఒకటి ఎంచుకోండి. మల్టీమీటరు ఎలాగూ చేతిలో ఉంది కాబట్టి, క్లిప్పు పెట్టిన చోటికీ మదర్‌బోర్డు స్టాండాఫ్‌కూ మధ్య నిరోధం దాదాపు సున్నా ఉందో లేదో చూసుకోవచ్చు.

పట్టీ దొరకకపోతే పని ఆపుకోనక్కర్లేదు. ప్రతి భాగాన్నీ ముట్టుకునే ముందు, మధ్యలో కూర్చున్నచోటు నుంచి కదిలిన ప్రతిసారీ, కేబినెట్‌లోని పూత లేని లోహాన్ని అరచేత్తో తాకండి. ఎడమచేతి ముంజేయి ఆ లోహానికి ఆనించి ఉంచి కుడిచేత్తో పని చేయగలిగితే ఇంకా మంచిది. పట్టీతో పోలిస్తే దీనిలోని లోపమల్లా మనిషి మరచిపోవడమే. మొదటిసారి బిగించేవారి దృష్టి నూటొక్క విషయాల మీద ఉంటుంది, అందుకే వారికి పట్టీనే సిఫారసు చేస్తాను.

ఎర్తింగ్ సంగతి

"ఎస్.ఎమ్.పి.ఎస్. ప్లగ్గును గోడకు పెట్టి, స్విచ్చి ఆపి, కేబినెట్‌ను ముట్టుకుంటూ పని చేయండి" అనే సలహా తరచుగా వినిపిస్తుంది. ఎస్.ఎమ్.పి.ఎస్. అంటే గోడ కరెంటును కంప్యూటర్ భాగాలకు అందించే లోహపు డబ్బా. మన దేశంలో గోడ సాకెట్లకు స్విచ్చి ఉంటుంది, అది ఫేజునే తెంపుతుంది, ఎర్తు మాత్రం కలిసే ఉంటుంది. కాబట్టి వైరింగ్ సరిగ్గా ఉన్న ఇంట్లో ఈ సలహా బాగానే పనిచేస్తుంది. అద్దె ఇళ్లలో, పీజీల్లో వైరింగ్ సరిగ్గా ఉంటుందనే భరోసా లేదు. సాకెట్టు పైభాగాన పెద్ద రంధ్రం ఉన్నంత మాత్రాన దాని వెనక ఆకుపచ్చ తీగ ఉన్నట్టు కాదు. ఎక్స్‌టెన్షన్ పెట్టెల్లో చవకైనవి కొన్నిటికి మూడు రంధ్రాలుంటాయి గానీ, లోపల వచ్చేది రెండు తీగలే.

ఎర్తు లేదని కేబినెటే చెబుతుంది. ఎస్.ఎమ్.పి.ఎస్. లోపల రొదను వడగట్టే రెండు చిన్న కెపాసిటర్లు ఫేజు, న్యూట్రల్ తీగల నుంచి లోహపు డబ్బాకు కలిసి ఉంటాయి. ఎర్తు ఉంటే ఆ కొద్దిపాటి కరెంటు భూమిలోకి పోతుంది. లేకపోతే డబ్బా మొత్తం సుమారు 115 వోల్టుల దగ్గర తేలుతూ ఉంటుంది. కంప్యూటర్ నడుస్తున్నప్పుడు కేబినెట్ మీద వేలి వెనకభాగంతో రాస్తే జివ్వుమనే కంపనం, తాకితే సన్నగా జిల్లుమనడం దీనివల్లే. స్థిరవిద్యుత్తు ఒక్క క్షణంలో దూకి ఆగిపోతుంది. ఇది తాకినంతసేపూ ఉంటుంది. అలాంటి డబ్బాను టీవీకి హెచ్‌డీఎమ్‌ఐ తీగతో కలిపేటప్పుడు రెండింటి మధ్య తేడా ఆ పోర్టు గుండా సమానం కావాలని చూస్తుంది, పోర్టులు కాలిపోవడానికి అదీ ఒక కారణం.

కాబట్టి నా సలహా ఇది. కంప్యూటర్ కొనే ముందే ఎలక్ట్రీషియన్‌ను పిలిచి సాకెట్టు చూపించండి. ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య 230 వోల్టులు, ఫేజుకూ ఎర్తుకూ మధ్య దాదాపు అంతే, న్యూట్రల్‌కూ ఎర్తుకూ మధ్య కొద్దిపాటి వోల్టులు చూపిస్తే సరి. ఎర్తు లేని సాకెట్టులో న్యూట్రల్‌ను తెచ్చి ఎర్తు పిన్నుకు కలిపే "సర్దుబాటు"ను మాత్రం ఒప్పుకోవద్దు. ఎప్పుడైనా న్యూట్రల్ తెగితే కేబినెట్ మీదికి పూర్తి 230 వోల్టులూ వచ్చేస్తాయి. సాకెట్టు సంగతి తేలనంతవరకు ఎస్.ఎమ్.పి.ఎస్. తీగను గోడకు పెట్టకుండానే, పట్టీ క్లిప్పును కేబినెట్‌కు తగిలించి, పని అంతా పూర్తిచేయండి. మీరూ కేబినెట్టూ ఒకే మట్టంలో ఉంటారు, భాగాలకు కావలసింది అదే. గోడ సాకెట్టు రంధ్రంలోకి తీగ దూర్చి దాన్ని చేతికి కట్టుకోవడం లాంటి పనులు ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకూడదు.

చోటు, బట్టలు, చుట్టూ ఉన్న ప్లాస్టిక్కు

పట్టీ పెట్టుకున్నవారు కూడా పట్టించుకోని ప్రమాదం ఒకటుంది. లోహం మీది ఆవేశం, ఒంటి మీది ఆవేశం తీగ గుండా వెళ్లిపోతాయి. ప్లాస్టిక్కు, థర్మోకోల్ లాంటి విద్యున్నిరోధకాల మీది ఆవేశం ఎంత మంచి ఎర్తు ఇచ్చినా కదలదు, ఎక్కడ పుట్టిందో అక్కడే ఉండిపోతుంది. దాని చుట్టూ ఉండే విద్యుత్ క్షేత్రంలోకి మదర్‌బోర్డు వస్తే, బోర్డులోని ఆవేశాలు ఒకవైపుకు నెట్టబడతాయి. ఆ స్థితిలో ఏ లోహం తగిలినా దూకుడు జరుగుతుంది. వీటి విషయంలో చేయగలిగింది దూరం పెట్టడం ఒక్కటే. పని చేసే చోటు నుంచి కనీసం 30 సెంటీమీటర్ల దూరం అనేది కర్మాగారాల్లో పాటించే లెక్క. ఇంట్లోనైతే వాటిని ఏకంగా పక్కగదిలో పడేయడం తేలిక.

ముఖ్యంగా కేబినెట్ సంగతి. పెద్ద థర్మోకోల్ దిమ్మెల మధ్య నుంచి దాన్ని లాగేటప్పుడు, గాజు పలక మీద అంటించిన పారదర్శక పొరను ఒలిచేటప్పుడు పుట్టే ఆవేశం ఇంటి పనులన్నింటిలోకీ ఎక్కువగా ఉండే రకం. పొడిగా ఉన్న రోజున ఆ పొర చిటపటలాడుతూ ఊడి చేతి వెంట్రుకలను లేపి నిలబెడుతుంది, చేతికి అంటుకుని వదలదు. ఆ పనులు భాగాల డబ్బాలు తెరవకముందే, వేరే గదిలో ముగించండి. గీతలు పడతాయని పొరను చివరిదాకా ఉంచుకోవాలనుకునేవారు, అంతా అయ్యాక గాజు పలకను విప్పి దూరంగా తీసుకెళ్లి ఒలిచి, కొంతసేపు ఆగి బిగించుకోవచ్చు. బోర్డు ముందు కూర్చుని ఒలవడం మాత్రం వద్దు. గ్రాఫిక్స్ కార్డు మీది పొరకూ ఇదే మాట.

బల్ల విషయానికొస్తే, చెక్కబల్ల చాలు. భోజనాల బల్ల మీద పరిచే ప్లాస్టిక్ గుడ్డను తీసేయండి. పరుపు మీద, ఫోమ్ సోఫా మీద, ప్లాస్టిక్ చాప మీద బిగించవద్దు. మదర్‌బోర్డు వచ్చిన అట్టపెట్టె దానికి మంచి పీఠం. ఎర్తు తీగతో వచ్చే ప్రత్యేకమైన చాప మంచిదే కానీ, ఒక్క కంప్యూటర్ కోసం కొననక్కర్లేదని నా అభిప్రాయం.

నూలు బట్టలు వేసుకోండి. పట్టు, పాలిస్టరు, ఉన్ని, ఫ్లీసు వద్దు. చున్నీ, పైట, విరబోసిన జుట్టు బోర్డు మీదుగా రాసుకోకుండా కట్టుకోండి. చేతులకు వంటింటి ప్లాస్టిక్ తొడుగులు వేసుకోవడం మేలు కన్నా కీడే చేస్తుంది. రబ్బరు చెప్పులు విప్పేయండి. గదిలో ఏసీ ఉంటే ముందుగా ఆపి కిటికీ తీయండి, గచ్చును తడిగుడ్డతో తుడవండి. చిన్న తేమ మీటరు ఉన్నవారు 40 శాతం పైన ఉన్నప్పుడు పని మొదలుపెట్టడం మంచిది. భాగాల దగ్గర నీళ్లు చల్లే ఆలోచన మాత్రం రానివ్వకండి.

బిగించే వరస

కవర్ల విషయం ముందు తెలుసుకోవాలి. మదర్‌బోర్డు, గ్రాఫిక్స్ కార్డు తరచుగా వెండిరంగు సంచిలో వస్తాయి. దాని పొరల మధ్య సన్నని లోహం ఉంటుంది, బయటి విద్యుత్ క్షేత్రాన్ని లోపలికి రానివ్వదు. గులాబీరంగు సంచి, గులాబీరంగు ఫోమ్ తమంతట తాము ఆవేశం పుట్టించవు గానీ, బయటి దెబ్బను ఆపలేవు. వెండిసంచి రక్షించేది లోపల ఉన్న వస్తువునే. బోర్డును బయటికి తీసి అదే సంచి మీద పరిచి కరెంటు ఇవ్వడం మంచిది కాదు, ఆ సంచి ఉపరితలం పూర్తి నిరోధకం కాదు.

కేబినెట్‌ను పక్కన పెట్టుకుని, పట్టీ తగిలించుకున్నాక, సంచి మూసి ఉండగానే దాన్ని చేతిలోకి తీసుకుని కేబినెట్ లోహానికి ఒక క్షణం తాకించండి. తర్వాత తెరిచి, బోర్డు వెనక పోర్టుల వరసలో ఉన్న యూఎస్‌బీ లోహపు తొడుగును ముందు వేలితో ముట్టుకోండి. ఆ తొడుగు బోర్డు గ్రౌండుకు కలిసి ఉంటుంది కాబట్టి, ఏదైనా తేడా మిగిలి ఉంటే చిప్‌ల జోలికి పోకుండా అక్కడే సమానమవుతుంది. అటుపైన బోర్డును అంచులు పట్టుకుని పైకెత్తి అట్టపెట్టె మీద పెట్టండి. చిన్న అలవాటే అయినా, ప్రతి భాగానికీ ఇదే క్రమం పాటించాలి: సంచితో సహా కేబినెట్‌కు, తర్వాత భాగంలోని గ్రౌండు లోహానికి, ఆఖరున మిగతా భాగానికి.

ప్రాసెసర్‌ను రెండు వేళ్లతో అంచుల దగ్గరే పట్టుకోవాలి. ఇంటెల్ ఎల్‌జీఏ 1700 రకంలోనూ, ఏఎమ్‌డీ 2022లో తెచ్చిన ఏఎమ్5 రకంలోనూ పిన్నులు మదర్‌బోర్డు మీది ప్రాసెసర్ సాకెట్టులో ఉంటాయి, ప్రాసెసర్ అడుగున బంగారు చుక్కలు ఉంటాయి. పాత ఏఎమ్4లో పిన్నులే ప్రాసెసర్‌కు ఉంటాయి. చుక్కలను గానీ పిన్నులను గానీ వేలితో తాకవద్దు. సాకెట్టు మీది ప్లాస్టిక్ మూతను పారేయకండి, వారంటీకి అవసరం పడుతుంది. ర్యామ్‌ను రెండు చివర్లూ పట్టుకుని, అడుగునున్న బంగారు పళ్లు తాకకుండా, క్లిప్పు టక్కున పడేదాకా సమానంగా నొక్కాలి. డేటా దాచే సన్నని పలక, ఎమ్.2 ఎస్సెస్‌డీల్లో చాలావాటికి తొడుగేమీ ఉండదు, చిప్‌లు బయటికే ఉంటాయి. దాన్ని అంచులు పట్టుకుని వాలుగా దూర్చి స్క్రూ బిగించండి. దాని హీట్‌సింకు కింద థర్మల్ ప్యాడు మీద ఉన్న పొరను బోర్డు మీదుగా కాకుండా పక్కకు తీసుకెళ్లి, నెమ్మదిగా ఒలవండి. నెమ్మదిగా ఒలిస్తే పుట్టే ఆవేశం తగ్గుతుంది.

ఈ మూడూ అమరాక బోర్డును కేబినెట్‌లో స్టాండాఫ్‌ల మీద బిగించండి. స్క్రూలు పడగానే, రంధ్రాల చుట్టూ ఉన్న లోహపు వలయాల ద్వారా బోర్డు గ్రౌండు కేబినెట్‌కు కలుస్తుంది. ఇక్కడి నుంచి పని తేలిక. ఫ్యాన్లు, ఎస్.ఎమ్.పి.ఎస్., వాటి తీగల విషయంలో స్థిరవిద్యుత్తు భయం పెద్దగా లేదు. గ్రాఫిక్స్ కార్డును ఆఖరున, దాని లోహపు బ్రాకెట్‌ను ముందు తాకి, బ్రాకెట్‌నూ తొడుగునూ పట్టుకుని దించండి. ఎస్.ఎమ్.పి.ఎస్. డబ్బాను మాత్రం ఎప్పుడూ విప్పవద్దు, పట్టీ చేతికి ఉన్నప్పుడు అసలే వద్దు. లోపలి కెపాసిటర్లలో ప్లగ్గు తీశాక కూడా ప్రమాదకరమైన వోల్టేజి నిలిచి ఉంటుంది.

సాయానికి తమ్ముడో బావో పక్కన కూర్చుంటే వారికీ ఒక నియమం చెప్పాలి. పట్టీ మీ చేతికి ఉంది, వారికి లేదు. సోఫాలోంచి లేచి వచ్చి ర్యామ్ అందించబోయినప్పుడు, "బావా, ఒక్క క్షణం, ముందు చెయ్యి ఇలా ఇవ్వు" అని చెయ్యి కలిపి, ఆ తర్వాతే వస్తువు అందుకోండి. వారి ఒంటి మీదిది మీ పట్టీ గుండా పోతుంది. విడిభాగాన్ని నేరుగా చేతి నుంచి చేతికి మార్చడం కన్నా, వారు అట్టపెట్టె మీద పెడితే మీరు తీసుకోవడం ఇంకా నయం.

ఆన్ కాకపోతే

మొదటిసారి మీట నొక్కగానే తెర వెలగకపోతే స్థిరవిద్యుత్తు వల్లే పోయిందని గుండె జారిపోనక్కర్లేదు. తొలిసారి బిగించినవారి విషయంలో కారణం సాధారణంగా మామూలుదే అయి ఉంటుంది. ప్రాసెసర్ పక్కన ఉండే ఎనిమిది పిన్నుల తీగ పెట్టడం మరచిపోవడం, ర్యామ్ పూర్తిగా దిగకపోవడం, మానిటరు తీగను గ్రాఫిక్స్ కార్డుకు బదులు మదర్‌బోర్డుకు పెట్టడం, బోర్డు కింద అవసరం లేని చోట స్టాండాఫ్ మిగిలిపోవడం, వీటిని ఒక్కొక్కటే చూడండి. ర్యామ్ రెండు పలకలైతే నాలుగు స్లాట్ల బోర్డులో సాధారణంగా ప్రాసెసర్ వైపు నుంచి రెండోదీ నాలుగోదీ వాడాలి. ఒకే పలకతో ప్రయత్నించడం మంచి పరీక్ష. ఇలా తీసి పెట్టేటప్పుడల్లా పట్టీ మళ్లీ చేతికి ఉండాలి; విసుగులో చేసే ఈ పనుల్లోనే జాగ్రత్త సడలుతుంది.

తర్వాతెప్పుడో ర్యామ్ కలపడానికి గానీ దుమ్ము దులపడానికి గానీ తెరిచినప్పుడు, కంప్యూటర్‌ను షట్‌డౌన్ చేసి, గోడ స్విచ్చీ ఎస్.ఎమ్.పి.ఎస్. వెనక స్విచ్చీ ఆపి, ముందున్న మీటను కొన్ని సెకన్లు నొక్కి పట్టుకుంటే మిగిలిన కరెంటు ఖర్చయిపోతుంది. ఎర్తు బాగుందని తేలిన ఇంట్లో ప్లగ్గును అలాగే ఉంచవచ్చు, లేనిచోట తీసేయాలి. ఎక్కడ చూసినా కట్టడాలే ఉన్న బెంగళూరులో కేబినెట్‌లోకి దుమ్ము త్వరగానే చేరుతుంది. ఇంటి వాక్యూమ్ క్లీనర్ ప్లాస్టిక్ గొట్టాన్ని మాత్రం బోర్డు దగ్గరికి తేవద్దు, దాని గుండా పరుగెత్తే దుమ్మే ఆవేశాన్ని పుట్టిస్తుంది. మెత్తని కుంచె, గాలి ఊదే డబ్బా చాలు. ఊదేటప్పుడు ఫ్యాను రెక్క తిరగకుండా వేలితో పట్టుకోండి.

భాగమేదైనా పాడై వారంటీకి పంపవలసి వస్తే, వార్తాపత్రికలోనో కిరాణా సంచిలోనో చుట్టకుండా, వచ్చిన వెండిరంగు సంచిలోనే పెట్టి పంపండి. చిరుగులూ ముడతలూ పడిన సంచి తన రక్షణగుణాన్ని చాలావరకు పోగొట్టుకుంటుంది కాబట్టి, బిగించిన రోజునే సంచులన్నీ మడత పడకుండా మదర్‌బోర్డు డబ్బాలో పరిచి దాచుకోండి.